అక్షహృదయం – ఉత్తుత్తి పందెం

మా అమ్మాయి కాపురం భూపాలపల్లిలో. అల్లుడు బొగ్గుగనిలో ఉద్యోగి. సంక్రాంతి సెలవులకు జనగామ నుండి నేను వారింటికి వెళ్ళినప్పుడల్లా ఊరు దాటి అడవి అంచున కాసేపు తిరిగి రావడం అలవాటు. పుష్యమాసానికి తానికాయలు నేల రాలి ఉంటాయి. త్రిఫల చూర్ణానికి అంగడిలో కొనే తానికాయ మీద నాకు నమ్మకం లేదు, కనుక సంచి పట్టుకొని ఏరుకొంటాను. అట్లా ఒకనాడు ఏరుతుండగా, వెంట వచ్చిన మనుమడు చెట్టు కింద నిలబడి తల పైకెత్తి, "తాతా, ఈ చెట్టుకు కాయలెన్ని ఉంటయో లెక్కపెట్టకుండ చెప్పు" అన్నాడు.

నాకు ఒళ్ళు ఝల్లుమన్నది. ఆ ప్రశ్న కొత్తది కాదు. ఆ చెట్టు కిందనే, అంటే ఆ జాతి చెట్టు కిందనే, భారతంలో ఒక రాజు దానికి జవాబు చెప్పినాడు.

తాని చెట్టుకు సంస్కృతంలో విభీతకమని పేరు. కలిద్రుమమని మరొక పేరు. వేదకాలంలో పాచికలుగా వాడినది ఈ కాయలనే. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తంలో జూదరి విలపించేది వీటిని తలచుకొనే. నలోపాఖ్యానంలో, జూదంలో రాజ్యం పోగొట్టుకొన్న నలుడు కర్కోటకుని కాటుకు కురూపియై, బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుని రథసారథిగా చేరుతాడు. దమయంతి రెండవ స్వయంవరమనే వార్త వింటూనే ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భ చేరాలంటాడు. నలుడు గుర్రాలను తోలిన వేగం ఎంతటిదంటే, రాజు ఉత్తరీయం జారిపడితే, ఆపమని అతడు అనేసరికే అది యోజనం వెనుకబడింది. సారథి విద్యకు అబ్బురపడిన రాజు తన విద్య కూడా చూపదలచి, దారిపక్క తాని చెట్టును చూపి, దాని రెండు కొమ్మలలో ఐదు కోట్ల ఆకులు, 2095 కాయలు ఉన్నవంటాడు. ఐదు కోట్ల ఆకులు కవిగారి ఔదార్యం. కాని 2095 అనే సంఖ్య చూడండి, ఎవరో నిజంగా లెక్కవేసినట్లు ఉంటుంది. నలుడు నమ్మడు. రథం దిగి చెట్టు పడగొట్టి కాయలు లెక్కపెడితే సరిపోతుంది. ఇది ఎట్లా సాధ్యమని అడిగితే, నేను అక్షహృదయం తెలిసినవాడిని, సంఖ్యానంలో నేర్పరిని అని రాజు చెబుతాడు. పాచికల మర్మమూ, కొమ్మను చూసి మొత్తం అంచనా వేయడమూ అతని దృష్టిలో ఒకే విద్య. 1975లో సంభావ్యత చరిత్ర గురించి గ్రంథం వ్రాసిన ఇయాన్ హాకింగ్ అనే తత్త్వవేత్త ఈ ఘట్టం దగ్గర ఆగి ఆలోచించడం ఇందుకే. ఇద్దరూ విద్యలు మార్చుకొంటారు. రాజుకు అశ్వహృదయం, నలునికి అక్షహృదయం.

మహబూబాబాదులో, అప్పటికది వరంగల్లు జిల్లాలోని మానుకోటే, నేను మూడు దశాబ్దాలు ఈ కథ పాఠం చెప్పినాను. జూదం కొంప ముంచుతుంది, ఇది చెప్పి ఊరుకొనేవాడిని. నన్నయ అరణ్యపర్వంలో తెనిగించిన కథ ఎక్కడ ముగుస్తుందో పిల్లలకు చెప్పినవాడిని కాను. నలుడు జూదం మానలేదు. అక్షహృదయం అందిన మరుక్షణం కలి అతని దేహం వదలి పారిపోయి ఆ తాని చెట్టులో దూరినాడు. నలుడు తిరిగి వెళ్ళి పుష్కరునితో మళ్ళీ ఆడి గెలిచినాడు. ఈ కథ చెప్పిన బృహదశ్వుడు జూదంలో సర్వం ఓడిన ధర్మరాజుకు ఆ విద్యనే ఉపదేశించినాడు. పాఠ్యపుస్తకంలో లేదన్న సాకుతో ఆ భాగం దాటవేసినాను. అసలు కారణం వేరే ఉంది, దానికి తరువాత వస్తాను.

మనుమడు ఇంజనీరింగు చదువుతున్నాడు. అతనికి కాయలతో పని లేదు, కార్లతో పని. ఫార్ములా వన్ పందేలకు అనుబంధంగా అంతర్జాలంలో ఒక కల్పిత జట్టు ఆట ఉన్నది. డబ్బు కట్టనక్కరలేదు. 2023 నాటి నియమాల ప్రకారం మనకు కాగితం మీద పది కోట్ల డాలర్లు ఇస్తారు. అందులో ఐదుగురు చోదకులను, రెండు కార్ల సంస్థలను కొనాలి. నిజమైన పందెంలో వారు చేసిన దానిని బట్టి మనకు మార్కులు. మొదటి స్థానానికి 25, రెండుకు 18, మూడుకు 15, ఇట్లా. వెనుక నుండి ముందుకు వస్తే అదనం, మధ్యలో ఆగిపోతే కోత. అందరిలోకీ గొప్పవాళ్ళనే కొందామంటే డబ్బు చాలదు.

ఎన్ని విధాల జట్టు కట్టవచ్చు? ఇది మాత్రం నాకు తెలిసిన లెక్క. ఇరవైమందిలో ఐదుగురిని ఎంచడానికి, ఇరవై మొదలు పదహారు దాకా అవరోహణగా ఐదు సంఖ్యలు గుణించి, ఒకటి మొదలు ఐదు దాకా గుణించినదానితో భాగించాలి. 15,504 విధాలు. తొమ్మిదవ శతాబ్దంలో అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఈ సూత్రాన్ని సామాన్య రూపంలో చెప్పినాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేసినాడు. తెలుగులో తొలి గణిత గ్రంథం అదే. పది సంస్థలలో రెండింటిని ఎంచడం 45 విధాలు. రెండూ గుణిస్తే 6,97,680 జట్లు. ధర పది కోట్లు దాటినవాటిని తీసివేసినా మిగిలేవి ఎన్నో. గణకయంత్రానికి ఇది క్షణాల పని. అసలు చిక్కు జట్లను లెక్కించడంలో లేదు. ఏ చోదకుడు రేపు ఎన్ని మార్కులు తెస్తాడో ఎవరికి తెలుసు? అక్కడికి వచ్చేది సిమ్యులేషన్.

ఈ మాటకు తెలుగేమిటని మనుమడే అడిగినాడు. అనుకరణ అన్నాను. అది కోతి చేసేది కదా అన్నాడు. ప్రతిరూపకల్పన అన్నాను. నోరు తిరగలేదు. చివరికి అతడే, "ఉత్తుత్తి పందెం అంటే సరిపాయె గద తాతా" అన్నాడు. పండిత శిక్షణ పొందిన నాకు తోచని మాట. నేనూ ఇక అదే వాడుతాను.

ఈ ఉత్తుత్తి పందేల చరిత్ర పేకముక్కలతో మొదలైంది. 1946లో స్టానిస్లావ్ ఉలామ్ అనే గణితవేత్త మెదడు వాపు జబ్బు నుండి కోలుకొంటూ ఒంటరిగా పేకాట ఆడుకొనేవాడు. ఒక ఆట గెలిచే అవకాశమెంతో లెక్కకట్టబోయి, సూత్రాలతో తల బద్దలు కొట్టుకోవడంకంటె వందసార్లు ముక్కలు పరచి ఎన్నిసార్లు గెలుపు వచ్చిందో చూస్తే పోలేదా అనుకొన్నాడు. ఆలోచన జాన్ ఫాన్ నాయ్‌మన్‌కు చెప్పినాడు. 1947 మార్చిలో నాయ్‌మన్ దానిని యంత్రం మీద చేసే పద్ధతి ఉత్తరంలో వివరించినాడు. 1948లో ఎనియాక్ అనే గదినిండా ఉండే యంత్రం మీద నడిపినారు. లెక్క దేనికయ్యా అంటే, బాంబులో న్యూట్రాన్లు ఎటు పోతాయో తెలుసుకోవడానికి. పుట్టుక అంత మంచిది కాదు. రహస్యమైన పని కనుక ముద్దుపేరు కావలసి వచ్చింది. చుట్టాల దగ్గర అప్పుచేసి మరీ మోంటె కార్లో జూదశాలకు వెళ్ళే బాబాయి ఒకడు ఉలామ్‌కు ఉండేవాడట. ఆయన జ్ఞాపకంగా నికొలస్ మెట్రోపొలిస్ ఆ పద్ధతికి మోంటె కార్లో అని పేరు పెట్టినాడు. 1949లో అదే పేరుతో వ్యాసం వెలువడింది.

మోంటె కార్లో మొనాకోలో ఒక పేట. ఆ జూదశాల ముంగిట నుండే 1929 మొదలు మొనాకో కార్ల పందెం సాగుతున్నది. పాచికలూ రథాలూ మళ్ళీ ఒక్కచోటే! వ్యాసునికి ఈ సంగతి తెలిస్తే మరొక ఉపాఖ్యానం వ్రాసి ఉండేవాడు.

పద్ధతి అర్థం కావడానికి ఎనియాక్ అక్కరలేదు, అష్టాచెమ్మా చాలు. నాలుగు గవ్వలు వేస్తే, ఒక్కొక్కటి వెల్లకిలో బోర్లో పడుతుంది కనుక, పదహారు విధాలు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, అది ఒక్క విధం. నాలుగూ బోర్లా పడితే అష్ట, అదీ ఒక్క విధమే. రెండు పడే విధాలు ఆరు. గవ్వ సగం సగం పడుతుందని అనుకొంటేనే ఈ లెక్క. మా ఇంటి గవ్వలను నూరుసార్లు వేసి వ్రాసుకొని చూసినాను. సగం సగం పడలేదు; వాటికి ఒక మొగ్గు ఉన్నది. పుస్తకంలోని గవ్వ వేరు, చేతిలోని గవ్వ వేరు. వేసి చూసినవాడికే అది తెలుస్తుంది.

ఐతే ఎన్నిసార్లు వేయాలి? ఇక్కడ మన తెలుగువారొకరిని తలచుకోవాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920లో బళ్ళారి ప్రాంతంలోని హడగళిలో పుట్టి, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి, కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థకు చేరినారు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో వారు ప్రకటించిన ఒక్క వ్యాసం నుండే రెండు ప్రసిద్ధ ఫలితాలు వచ్చినవి. అంచనాలో తప్పు ఎంతకంటె తగ్గదో ఒకటి చెబుతుంది. చేతిలో ఉన్న సమాచారాన్ని పూర్తిగా వాడుకొంటే మోటు అంచనా ఎట్లా మెరుగవుతుందో రెండవది, రావ్-బ్లాక్‌వెల్, చెబుతుంది. ఉత్తుత్తి పందేలు నడిపేవారు ఈ రెండవదానిని తమ భాషలో ఇట్లా వాడుకొంటారు: కచ్చితంగా లెక్కకట్టగలిగిన భాగానికి పాచికలు వేయవద్దు, మిగతాదానికే వేయి, అప్పుడు తక్కువ పందేలతోనే నిలకడైన జవాబు వస్తుంది. రావుగారు 2023లో అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారం అందుకొని, ఆ ఆగస్టులోనే నూటమూడవ ఏటికి చేరువలో కన్నుమూసినారు. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో వారి పేరిట సంస్థ ఉన్నది. ఋతుపర్ణుని విద్యకు ఇటీవలి కాలంలో ఆచార్యుడెవరంటే నేను వారి పేరే చెబుతాను.

ఇక మనుమడి ప్రోగ్రాము. అతడు కొత్తగా కనిపెట్టినదేమీ లేదు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు ఇట్లాంటి పందెపు నమూనాను పైథాన్ భాషలో వ్రాసి అందరికీ ఇచ్చినారు, యాదృచ్ఛిక ఘటనలను అందులో ఎట్లా కలపాలో 2020లో వ్యాసం ప్రకటించినారు. ఒక చుట్టుకు కారు తీసుకొనే కాలాన్ని ముక్కలుగా చూస్తారు. కారు సహజ వేగం ఒకటి. ఇంధనం ఖర్చయ్యేకొద్దీ బరువు తగ్గి వేగం పెరుగుతుంది. టైర్లు అరిగేకొద్దీ తగ్గుతుంది. టైర్లు మార్చడానికి ఆగితే ఇన్ని సెకన్లు పోతాయి. వీటికి పైన ఒక పాచిక: చోదకుడు ఈ చుట్టులో కొంచెం బాగా తోలవచ్చు, కొంచెం చెడుగా తోలవచ్చు. మరొక పాచిక: కారు చెడిపోవచ్చు, గుద్దుకోవచ్చు. ఇట్లా ఒక పందెం మొత్తం యంత్రంలో నడిపితే ఒక ఫలితం. పదివేలసార్లు నడిపి, ఒక్కొక్క చోదకునికి సగటున ఎన్ని మార్కులు వచ్చినవో చూసి, ఆ సగటుల మొత్తం గరిష్ఠంగా ఉండి ధర పది కోట్లు మించని జట్టును ఎంచుకొంటాడు.

నాకు ఇదంతా బొమ్మలాట అనిపించింది. హైదరాబాదు పందెం ముచ్చట విన్నాక అభిప్రాయం మారింది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. విద్యుత్తుతో నడిచే కార్లు. ఈ పోటీ మన దేశానికి రావడం అదే మొదటిసారి. కొత్త సచివాలయం ఇంకా తెరవనేలేదు, దాని ముంగిట కార్లు దూసుకుపోయినవి. జనగామకు హైదరాబాదు నూరు కిలోమీటర్ల లోపే ఐనా నేను టీవీలోనే చూసినాను. మోత లేని పందెం నాకు నచ్చింది. అందరికంటె ముందు నిలబడి బయలుదేరినవాడు జాగ్వార్ జట్టు మిచ్ ఎవాన్స్. మలుపులో అతనిని గుద్దినవాడు ఎవరు? అతని సొంత జట్టులోని శామ్ బర్డ్. ఇద్దరి పందెమూ చెడింది. జ్యాఁ-ఎరిక్ వెర్న్ బ్యాటరీలో ఇక ఏమీ మిగలని స్థితిలో నిక్ కాసిడీని వెనుక ఉంచి గెలిచినాడు. మూడవవాడుగా గీత దాటిన సెబాస్టియన్ బ్యుయెమీ అనుమతించిన దానికంటె ఎక్కువ శక్తి వాడినాడని శిక్షపడి, ఆ స్థానం ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు పోయింది.

మనుమడు ఇదే పందేన్ని తన ప్రోగ్రాములో నడిపి చూసినాడట. ఎవాన్స్ ఒక్కడే ఆగిపోయిన పందేలు చాలా వచ్చినవి. బర్డ్ ఒక్కడే ఆగిపోయినవీ వచ్చినవి. ఇద్దరూ కలిసి చెడినవి అతి స్వల్పం. ఎందుకంటే, అతడు ఒక్కొక్క కారుకు విడివిడిగా పాచిక వేసినాడు. ఒకే జట్టు కార్లు పక్కపక్కన తిరుగుతాయి, ఒకదాని తప్పు మరొకదానికి తగులుతుంది. ఆ ముడి అతడు వేయలేదు. ఇది తెలియక, సగటు బాగున్నదని ఒకే సంస్థకు చెందిన ఇద్దరినీ, ఆ సంస్థనూ కలిపి కొనేవాడు. తన జట్టు ఎందుకు ఒక వారం ఆకాశంలో, ఒక వారం పాతాళంలో ఉంటున్నదో అప్పుడు అర్థమైందన్నాడు. వేసిన పాచికలకు యంత్రం అబద్ధం చెప్పదు. వేయవలసిన పాచిక మనం మరచిపోతే దానికేం తెలుసు? 2024 ఫిబ్రవరి 10న హైదరాబాదులో జరగవలసిన రెండవ పందెం, ఎన్నికలలో ప్రభుత్వం మారిన తరువాత, జనవరిలోనే రద్దయింది. ఆ పాచిక ఎవరి ప్రోగ్రాములోనూ ఉండి ఉండదు.

అతడే నలుని మీద ఒక ఆక్షేపణ చేసినాడు. "పదివేలసార్లు ఆడితేనే సగటు పనిచేస్తది. నలుడు మొత్తం రాజ్యం ఒక్క ఆటల పెట్టిండు గద, ఆ విద్య నేర్సుకొని ఏం లాభం?" అన్నాడు. సమాధానం తోచలేదు. పాచికలాట కాదంటే రథాల మీద ద్వంద్వయుద్ధానికి రమ్మని కూడా నలుడు పుష్కరుని పిలుస్తాడు. రెండవ విద్య కూడా చేతిలో ఉన్నదన్న ధీమా కావచ్చునన్నాను. ఒప్పుకోలేదు.

ఇప్పుడు దాటవేసిన సంగతి చెప్పాలి. మా తమ్ముడు 1980లలో ఒక క్లబ్బులో రమ్మీ ఆడి రెండెకరాలు పోగొట్టుకొన్నాడు. మరదలి నగలు కూడా అప్పుడే కనబడకుండా పోయినవి. వాటి మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. తెలివితక్కువవాడని నాన్న అన్నారు, శని పట్టిందని అమ్మ అన్నది. నేను రెండూ అన్నాను. నలుడు మళ్ళీ ఆడి గెలిచినాడని తరగతిలో చెప్పడానికి నాకు నోరు రాకపోవడం అందువల్ల.

రమ్మీ గురించి దేశానికంతటికీ ప్రమాణమైన తీర్పు మన దగ్గరి నుండి వెళ్ళినదే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం కింద పెట్టిన కేసులో, 1967 నవంబరులో సుప్రీం కోర్టు, రమ్మీలో నైపుణ్యమే ప్రధానమన్నది. ఆడించే క్లబ్బు మామూలు రుసుము తీసుకొన్నంత మాత్రాన అది జూదగృహం కాదన్నది. 1996లో గుర్రప్పందేలను కూడా నైపుణ్యం కిందనే చేర్చింది. తెలంగాణ 2017లో చట్టం సవరించి, నైపుణ్యమైనా సరే అంతర్జాలంలో డబ్బు పెట్టి ఆడరాదన్నది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆ తేడానే తుడిచివేసింది. అంతవరకు, వేరే రాష్ట్రాలలో చదివే మనుమడి మిత్రులు కొందరు డబ్బు కట్టి కల్పిత జట్ల ఆటలు ఆడేవారు. తానెందుకు కట్టలేదో మనుమడు చెప్పిన కారణం ధర్మోపన్యాసం కాదు. "నడిపేటోడు మధ్యల తీసుకునేది ప్రోగ్రాముల పెట్టి చూసిన తాతా" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకొన్నది. రాత్రి భోజనాలయ్యాక, మీ చిన్నతాత ఆట కూడా అందులో పెట్టి చూడగలవా అని అడిగినాను. నాకు తెలిసినంత చెప్పినాను. బల్లకు ఆరుగురు. ఆటకు తలా పది రూపాయలు. నూటికి ఐదు క్లబ్బుది. రాత్రికి ఇరవై ఆటలు. ఏడాదికి మూడువందల రాత్రులు. ఆరేళ్ళు. మా తమ్ముడు తక్కిన ఐదుగురికీ సమానమైన ఆటగాడు, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

పదిమందిని కాదు, పదివేలమంది తమ్ముళ్ళను ఆడించినాడు. ఒక్కడు కూడా లాభంతో బయటపడలేదు. సగటు నష్టం పద్దెనిమిది వేలు. దీనికి యంత్రం కూడా అక్కరలేదు, నోటిలెక్కే: ఆటకు అర్ధరూపాయి, రాత్రికి పది రూపాయలు, ఏడాదికి మూడువేలు. పాచికలు వేయడం వల్ల తెలిసినది మరొకటి. అదృష్టవంతుడికీ దురదృష్టవంతుడికీ తేడా ఎంత పోయిందన్నదానిలోనే. ఆనాటికి మా ఊళ్ళో రెండెకరాల మెట్ట ధర ఇంచుమించు ఆ పద్దెనిమిది వేలే.

తెలివితక్కువతనమని నలభై ఏళ్ళుగా అన్న మాట ఎట్లా వెనక్కి తీసుకోవాలో తెలియక, మరునాడు పొద్దున మహబూబాబాదుకు ఫోను చేసినాను. తమ్ముడు అక్కడ కొడుకు దగ్గర ఉంటాడు. చుట్టుదారిన చెప్పినాను. నువ్వు సమానంగానే ఆడినవురా, ఐనా ఎవరాడినా అంతే పోయేదని మనవాడు లెక్క తీసినాడు, క్లబ్బువాడు నూటికి ఐదు తీసుకొన్నాడు కదా అన్నాను.

కాసేపు ఏమీ వినబడలేదు.

"ఐదు కాదన్నా, పది" అన్నాడు.

మనుమడు పక్కనే ఉన్నాడు. విని, ఒక అంకె మార్చి, మళ్ళీ నడిపినాడు. ముప్పైయారు వేలు.